లద్దాఫు

ఎర్రగుంట్ల రైలుగేటు కాడ
బస్సుకు అడ్డమొచ్చిన సిమెంటు లారీని
మా డ్రైవరు ఒక మాట అన్నాడు:
పింజారి నా కొడకా, అని.

అంటే ఏంది నాయనా, అన్నాను.
నాయన కిటికీ వైపు తిరిగి
సిమెంటు దుమ్మును
ఎన్నడూ చూడనట్టు చూసినాడు.
ఫర్వానియా అంగట్లో మూడు భాషల్లో బేరమాడే మనిషి
ఒక్క మాటకు తెలుగు మర్చిపోయినాడు.

నాకు పదహైదేండ్లు. పుట్టింది కోవైటులో.
అక్కడ నేను జులేఖను కాదు, హిందీ పిల్లను.
అకామా మీద కొత్త ముద్ర పడకపోతే
పుట్టిన ఊరే నన్ను పొమ్మంటుంది.
జమ్మలమడుగులో దిగితే
వీధి వీధంతా వచ్చి తొంగి చూసి
కోవైటు పిల్ల, అన్నారు.

జేజి నా చెంపలు పట్టుకుని
'మా అత్త ముక్కొచ్చింది దీనికి' అన్నది.
ఆ అత్త పేరేమో ఎవరికీ గుర్తు లేదు.
రాత్రి ఫోన్‌లో
చాలాసేపు నా ముక్కు చూసుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది.
చల్లగా ఉంటాయని నల్ల బండల మీద పడుకుని
పైకి చూస్తే, దూలానికి వేలాడుతా అది.
నాకంటే పొడుగు. ఒక కొసన చెక్క రెక్క.
ఒకటే తీగ.
ఎవరు వాయించేటోళ్లు జేజీ, అన్నాను.
జేజి నవ్వింది. నవ్వి నవ్వి
కొంగు నోట్లో కుక్కుకుంది.
'మీ జేజినాయన. ఆయన వాయిస్తే
చుట్టు పదూళ్లు నిద్రపోయేటివి.'

జేజినాయన కుళ్ళాయప్ప దగ్గుతా లేచి
బూజుతో సహా విల్లు దించినాడు.
తీగ కాదంట, గొర్రెపేగు నారి.
చేతిగూటంతో ఒక్క దెబ్బ:
టొంయ్.
పిల్లి బయటికి దూకింది.
నాకు పక్కటెముకల్లో వినిపించింది.

విల్లు భుజానేసుకుని
పెద్దముడియం దాకా నడిచేవాడంట.
దూది ఏకతాం, దూదీ...
కొత్త జంటలకు పరుపులు, బాలింతలకు మెత్తలు.
కనుబొమల మీద దూది రాలి
ఇరవై ఏండ్లకే ముసలోడై ఇంటికొస్తే
మా నాయన గుర్తుపట్టక ఏడ్చేవాడంట.
ఆయన ఏకిన పరుపు మీద
ఆయన ఎన్నడూ పడుకోలేదు.
అరుగు కింద కూర్చోబెట్టి
'ఏయ్ పింజారీ, ఈసారన్నా మెత్తగా ఏకరా'
అనేవాళ్లంట.

అప్పుడు తెలిసింది
బస్సులో ఆ మాట ఎవరి ఇంటిపేరో.

'తిట్టు కాదు తల్లీ, పనిపేరది,' అన్నాడు జేజినాయన.
'స్పాంజి పరుపులొచ్చి పని పోయింది.
తిట్టు మాత్రం ఉండిపోయింది.'

ట్రంకుపెట్టెలో
ఆయన నాయన నాటి కాయితం ఒకటి.
అమ్మ నేర్పిన తెలుగుతో కూడబలుక్కున్నాను.
కులం: ల... ద్దా... ఫు.

ఎక్కడో విన్నాను.
ఏడో తరగతి, అరబ్బీ పుస్తకం,
పాత బజారు బొమ్మ: ముత్యాలకు మునిగేవాడు,
నీళ్లు మోసేవాడు, వాళ్ల పక్కన
విల్లు పట్టుకుని ఒకాయన.
కింద రాసుంది, నద్దాఫ్.
అబ్లా విదాద్ పదిసార్లు రాయించింది.
రాస్తూ విసుక్కున్నాను,
నాకెందుకీ మాట, అని.

చెంబులో వేలు ముంచి
బండ మీద కుడి నుంచి ఎడమకు రాసినాను.
నాలుగక్షరాలు, రెండు చుక్కలు.
'ఇది మనమేనా?' అన్నాడు జేజినాయన.
మనమే. దారిలో 'న' జారి 'ల' అయింది.
'ఆడ గూడా దాంతో తిడతారా?'
లేదు. దూది ఏకేవాడు అనే, అంతే.

ఆయన మళ్లీ వంగి చూసేసరికి
ఎండకు అక్షరాలు ఆరిపోయినాయి.
'ఇంకోసారి రాయి,' అన్నాడు.
రాసినాను. ఆరింది.
చెంబు ఖాళీ అయ్యేదాకా రాసినాను.
నాయన గడపలో నిలబడి ఉన్నాడు,
ఎప్పటి నుంచో తెలీదు.

తిరుగు ప్రయాణంలో
నా ఒళ్లో చిన్న మెత్త, జేజినాయన ఏకింది.
నా వేలికి నారి కోసిన గీత.
గేటు తెరిచే ఉంది. బస్సు ఆగలేదు.
ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.
అయినా నాయన
గేటు దాటేదాకా బిగదీసుకుని కూర్చుని,
దాటినాక మెల్లగా అన్నాడు:
'ఏదీ, ఎట్ల పలుకుతారో
ఇంకోసారి చెప్పు.'